మకీనా ఆగిపోయాక

మా ఆయన నన్ను నోటితో పిలిచింది తక్కువ. సౌదీలోని బురైదాలో ఉన్నన్నాళ్ళూ డీజిల్ ఇంజనుతో పిలిచేవాడు. ఇక్కడ ఇంజనును మకీనా అంటారు, మాకూ అదే అలవాటైంది.

మేమిద్దరం కడప జిల్లా నుంచి ఒకే కఫీల్ దగ్గరికి వచ్చాం. వీసా ఇచ్చిన యజమానిని ఇక్కడ కఫీల్ అంటారు. ఆయనకు ఊరి బయట ఖర్జూరపు తోట, ఆ తోట మొదట్లోనే పెద్ద ఇల్లు. నేను ఇంట్లో వంటకీ, కఫీల్ తల్లి ముసలామెను చూసుకోవడానికీ. మా ఆయన తోటకు నీళ్ళు పెట్టడానికి. మొగుడూ పెళ్ళాం ఒకేచోట పనికి రావడమంటే గల్ఫులో లాటరీ తగిలినట్టే. "నీకేం మే, మొగుణ్ణి కొంగున కట్టుకోని పోతాండావు" అని మా వీధి ఆడవాళ్ళు ఎగతాళి చేశారు. కొంగున కట్టుకున్నానో లేదో నాకే తెలియాలి. రాత్రయితే నేను ముసలామె మంచం పక్కన పడుకోవాలి, ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు నీళ్ళడుగుతుందో. ఆయనేమో తోట నడిమధ్యన, బోరు దగ్గర, మకీనా షెడ్డుకు ఆనించి వేసిన రేకుల గదిలో. ఇంటి ఆడవాళ్ళు తిరిగే వైపు మగ పనివాళ్ళు రాకూడదు. పని వేళల్లో నా ఫోను కఫీల్ భార్య అల్మారాలో ఉండేది, ఆమెను మేడం అనేవాళ్ళం. శుక్రవారం మధ్యాహ్నం ఇంటివాళ్ళు చుట్టాల ఇళ్ళకు పోయి, ముసలామె కునుకు తీసినప్పుడు కాసేపు కలిసి కూర్చునేవాళ్ళం. మా సంసారమంతా ఆ కాసేపే.

మిగతా రోజుల్లో మకీనానే మా కబురు. తెల్లవారకముందే అది దుడదుడమని మొదలయ్యేది. ఆహా, మా ఆయన లేచాడు, ఒళ్ళు బాగానే ఉంది అనుకుని నేనూ లేచేదాన్ని. మధ్యాహ్నం నమాజు ముందు దాన్ని ఆపేసే ముందు రెండుసార్లు గట్టిగా రేస్ ఇచ్చేవాడు. బువ్వకు వస్తున్నా అని దానికి అర్థం. నేను గిన్నె సర్ది వంటింటి వెనక తలుపు దగ్గర పెట్టేదాన్ని. ఆయన వచ్చి తీసుకుని, మాట్లాడితే ఒక మాట మాట్లాడి వెళ్ళిపోయేవాడు. ఇంటివాళ్ళకు ఇదంతా తెలియదు. మకీనాలో ఏదో తేడా ఉందనుకుని ఒకసారి మెకానిక్‌ను కూడా పిలిపించారు. ఆ మెకానిక్ దాన్నంతా విప్పి చూసి, ఏమీ లేదని బిగించి పోయాడు. ఆ శుక్రవారం ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.

ఒకరోజు పొద్దున పదిగంటలప్పుడు, వేళ కాని వేళ, మూడుసార్లు రేస్ ఇచ్చాడు. చెయ్యేమన్నా బెల్టులో పడిందా, తేలు కుట్టిందా? చెత్త పారబోసే నెపంతో వెనక గేటు దాకా పరిగెత్తాను. ఆయన షెడ్డు ముందర నిలబడి చెయ్యి ఊపుతున్నాడు.

"ఏమైందయ్యా?" అని అరిచాను.

"ఏం ల్యా. ఊరికే. నువ్వు గుర్తొస్తే కొడ్తి."

"థూ, నీ మొకం మండ! మనవళ్ళనెత్తుకునే వయసులో సిగ్గుండొద్దూ!" అని తిట్టి వచ్చేశాను. ఆ రోజంతా వంటింట్లో నాలో నేనే నవ్వుకుంటూ ఉన్నాను.

కఫీల్‌కు ఒక కొడుకు. బయటి దేశంలో చదువుకుని వచ్చాడు. అతన్ని చిన్న బాబా అనేవాళ్ళం. మంచివాడే, ఎవరినీ ఒక మాట అనేవాడు కాదు. వచ్చీ రాగానే తోటంతా తిరిగి, డీజిల్ ట్యాంకరు వచ్చినప్పుడల్లా తల పట్టుకునేవాడు. ముసలామె దగ్గర కూర్చుని చెప్పేవాడు: "నానమ్మా, మన భూమిలో నూనె ఉందని మనమే తగలబెట్టుకుంటే ఏం మిగులుతుంది? ఎండ ఊరికే వస్తోంది కదా, దాంతో నీళ్ళు తోడుకుందాం. ఆ మిగిలినదాంతో తోటను పెంచుదాం." ముసలామెకు ఏం అర్థమైందో గానీ, "అల్లా నీకు బర్కత్ ఇవ్వనీ" అని తల నిమిరేది. పక్కన కాళ్ళు పిసుకుతున్న నాకు మాత్రం బాగానే అర్థమైంది. బాగుందనిపించింది కూడా. అబద్ధమెందుకు చెప్పాలి? ఆ మకీనా పొగకు ఆరేసిన బట్టలన్నీ నల్ల చుక్కలు పడేవి. గాలి ఇటు తిరిగితే ముసలామెకు దగ్గు ఆగేది కాదు. మా ఆయన తల దిండు మీద పెడితే దిండు కూడా డీజిల్ కంపే.

ఎండతో కరెంటు పుట్టించే సోలార్ పలకలు బిగించడానికి కంపెనీ నుంచి వచ్చినవాళ్ళలో ఒక హైదరాబాదు అబ్బాయి ఉన్నాడు. తెలుగు మాట వినపడితే వెనక తలుపు దగ్గర టీ ఇచ్చాను.

"అక్కా, ఇంక చూడండి, డీజిల్ కాస్ట్ జీరో. వాటర్ డబుల్. వాటర్ డబుల్ అయితే ప్రొడక్షన్ డబుల్. ఫుల్ గ్రోత్ అక్కా!" అన్నాడు.

"గ్రోతంటే ఏంది నాయనా?"

"అంటే... అందరూ పెరుగుతారక్కా. జాబ్స్ కూడా పెరుగుతాయి."

"మరి ఆ మకీనా తిప్పే ఆయనో?"

ఆ అబ్బాయి టీ ఊదుకుంటూ, "ఆయనకూ ఏదో ఒకటి చూస్తారులే అక్కా" అన్నాడు. పాపం, వాడి చేతిలో ఏముంది? ఇంకో గ్లాసు పోసి పంపించాను.

మకీనా ఆపేసిన రోజు తోటంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. గువ్వలు కూడా ఉన్నాయా ఈ తోటలో అనిపించింది. ఎండ పడగానే నీళ్ళు వాటంతట అవే వచ్చాయి. మనిషి లేవక్కరలేదు, తాడు లాగక్కరలేదు. ఆ మధ్యాహ్నం నేను గిన్నె సర్ది, రేస్ ఇస్తాడేమోనని చెవి రిక్కించుకుని కూర్చున్నాను. ఎంత తిక్కదాన్నో చూడండి. కూర చల్లారిపోయాక ఆయనే వచ్చి వెనక తలుపు అవతల నిలబడి, "మే! బువ్వ పెట్టు మే!" అని కేకేశాడు.

మేడం ఉలిక్కిపడి పై గది కిటికీలోంచి తొంగిచూసింది.

"ఎందుకయ్యా అట్ల గొంతు చించుకుంటావు? నేనీన్నే ఉండా కదా" అన్నాను.

"యాడ చించుకుంటాండా? మెల్లిగానే అంటిని కదా!" అని మళ్ళీ అంతే గట్టిగా అన్నాడు.

అప్పుడు తెలిసింది. అన్నేళ్ళు ఆ మకీనా పక్కనే పడుకుని ఆయన చెవులు పోయాయి. మకీనా ఉన్నంతకాలం అందరమూ అరుచుకునే మాట్లాడేవాళ్ళం కాబట్టి ఎవరికీ తెలియలేదు, ఆయనకు కూడా. శుక్రవారాలు నేనేదో చెబుతుంటే తలూపేవాడు. నా మొగుడు ఎంత బుద్ధిగా వింటున్నాడో అని మురిసిపోయేదాన్ని. ఒక్కోసారి విసుగొచ్చి "చెవిటోని ముందర శంఖమూదినట్టుండాది నీతో" అని ఎగతాళి చేసిందీ నేనే. ఆ తర్వాత ఆ సామెత నా నోట రాలేదు.

చిన్న బాబా ఆయన్ని వెంటనే పంపించేయలేదు. పలకలు తుడిచే పని ఇచ్చాడు. ఇక్కడి దుమ్ము సంగతి తెలిసిందే, రాత్రికి రాత్రి వేలితో పేరు రాయొచ్చు. దుమ్ము పడితే కరెంటు తగ్గుతుంది. మా ఆయన తెల్లవారుజామునే గుడ్డా నీళ్ళూ పట్టుకుని పోయేవాడు. బోరు నీళ్ళు ఉప్పు కదా, ఆరేసరికి అద్దాల మీద తెల్లటి పొక్కులు కట్టేవి. ఎంత తుడిచినా పోవు. ఒకసారి వెనక తలుపు దగ్గరికి వచ్చి, "రోంత చింతపండు ఉంటే ఈ మే" అన్నాడు. చారు పెట్టుకుంటాడేమో అనుకుని ఇంటి నుంచి తెచ్చుకున్నదాంట్లోంచి ఇచ్చాను. ఆ మహానుభావుడు ఉగాదికి ఇత్తడి బిందెలు తోమినట్టు, చింతపండు పులుసూ బూడిదా కలిపి, ఖర్జూరపు పీచుతో ఒక వరుస పలకలన్నీ రుద్ది రుద్ది తోమాడు. పొక్కులు పోయాయి. ఎండలో తళతళలాడుతుంటే నన్ను గేటు దగ్గరికి పిలిచి దూరం నుంచి చూపించాడు. "ఎట్లుండాయి? మీ యమ్మ కూడా ఇట్ల తోమలేదు" అన్నాడు. నిజంగానే అంత బాగా మెరిశాయి.

బూడిద గీతలకు అద్దాలు మసకబారాయని తర్వాత ఆ హైదరాబాదు అబ్బాయి వచ్చి చూసి చెప్పాడు. "అయ్యో అంకుల్, ఇవి గిన్నెలు కావు!" అని నెత్తి కొట్టుకున్నాడు. మా ఆయనకు ఆ మాటలు వినపడలేదు. వాడు నవ్వితే తనను మెచ్చుకుంటున్నాడనుకుని తనూ నవ్వాడు.

తోట మాత్రం పెరిగింది. ఆ అబ్బాయి చెప్పింది చెప్పినట్టే జరిగింది. పక్కన బీడుపడి ఉన్న నేల కూడా కొన్నారు. కొత్త బోర్లు, కొత్త మొక్కలు, ఖర్జూరం నిలవ పెట్టడానికి చల్లటి గోదాము, డబ్బాల్లో సర్దడానికి ఇంకో షెడ్డు. బంగ్లాదేశ్ వాళ్ళు, జగిత్యాల వైపు పిల్లలు, ఎంతమంది వచ్చారో. వాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి వెలిగింది. ఆ సంతోషం నేను కాదనను. కోతల కాలంలో సుక్కరీ రకం ఖర్జూరాలు లారీలకు లారీలు బురైదా మార్కెట్టుకు పోయేవి. ఇంటికి బేరగాళ్ళూ అతిథులూ పెరిగారు. నాకు జీతం పెంచారు, సాయానికి ఇంకో అమ్మాయిని పెట్టారు. ముసలామెకు దగ్గు తగ్గి రంగు తేలింది. ఎటు చూసినా అందరూ బాగుపడ్డారు. అంత బాగులో మా ఆయనకు మాత్రం నిలబడే చోటు లేదు. ఇదెక్కడి లెక్కో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

కొత్త తోటలో పలకలు తుడవడానికి దానంతట అదే నడిచే బ్రష్షు యంత్రం తెచ్చారు. ఆ వారంలోనే ఇంకోటి జరిగింది. గోదాము దగ్గర లారీ వెనక్కి వస్తోంది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు, అందరూ అరుస్తున్నారు. మా ఆయన గుడ్డ పిండుకుంటూ దారి మధ్యన నిలబడే ఉన్నాడు. జగిత్యాల పిల్లవాడొకడు దూకి పక్కకు లాగాడు. "పెద్దనాన్నా, ఇంకొంచెమైతే పోతుంటివే!" అని వాడు ఏడ్చినంత పని చేశాడట.

ఆ సాయంత్రం చిన్న బాబా నన్ను పిలిపించాడు. ముసలామె కూడా అక్కడే ఉంది. మా ఆయనకు ఖురూజ్ వేస్తామన్నాడు. అంటే మళ్ళీ రాకుండా ఇంటికి పోయే ముద్ర. "ఇక్కడ ఆయనకు ప్రమాదం. పని కూడా లేదు. ఇవ్వాల్సిందంతా ఇచ్చి గౌరవంగా పంపిస్తాను. నువ్వు వెళ్తానంటే నీకూ టికెట్ ఇస్తాను. ఉంటానంటే మాకు సంతోషం" అన్నాడు. గాజుపలకలు పాడు చేసిన మాట ఎత్తనే లేదు. ఎత్తి ఉంటే బాగుండేది. కోప్పడితే కాళ్ళావేళ్ళా పడి బతిమాలుకోవచ్చు. ఇంత మర్యాదగా పొమ్మన్నవాణ్ణి ఏమని బతిమాలుతాం? ముసలామె నా చెయ్యి పట్టుకుని, "బింతీ, నువ్వు పోవద్దు" అంది. బింతీ అంటే బిడ్డా అని. ఆయన్ని అడిగి చెప్తానని వచ్చేశాను.

శుక్రవారం దాకా ఆగాలి కదా. ఆ మధ్యలో ఎన్నిసార్లు అనుకున్నానో. రమ్మంటాడు, తప్పకుండా రమ్మంటాడు. "ఇంగ చాల్లే మే, పోదాం పా" అని ఒక్క మాటంటే చాలు, పెట్టె సర్దుకుంటాను. నేనుగా వస్తాననొచ్చు. కానీ పెంచిన జీతం మీద అప్పటికే ఊళ్ళో మా ఇంటి మీద గది వేస్తున్నాం. నేను వస్తానంటే, నా కోసం ఇంత వదులుకుంటుందా అని ఆయన బాధపడతాడేమో. అందుకని ఆయన నోటి నుంచే రావాలనుకున్నాను.

శుక్రవారం షెడ్డులో కూర్చున్నాం. మకీనాను పాతసామాన్లవాడు ఎప్పుడో పట్టుకుపోయాడు. అది కూర్చున్న సిమెంటు దిమ్మె మీదే ఇద్దరం కూర్చున్నాం. రాగిసంగటి, గోంగూర తెచ్చాను. ఆయన తినడం ముగించేదాకా చూసి, ముఖం దగ్గరగా పెట్టి, ఒక్కో మాటా విడదీసి అడిగాను.

"నన్నేం చేయమంటావు? ఉండమంటావా, రమ్మంటావా?"

ఆయన నా నోటినే చూశాడు. అర్థమైంది. వేళ్ళు నాకి, గిన్నె పక్కన పెట్టాడు.

"ఆడ ఏముండాదిలే. మన చేను కూడా కరెంటు పలకలోళ్ళకే లీజుకిస్తిమి. సేద్యం ల్యా, గొడ్డూగోదా ల్యా. నువ్వు ఈడ మంచిగుండావు. ముసలామె కూడా నిన్ను ఇడిసి ఉండలేదు."

"అంటే ఉండమంటావా?"

"నీ ఇష్టం మే."

"నా ఇష్టమేంది? నీ ఇష్టం చెప్పు."

"నాదేముండాది? నీ ఇష్టమే నా ఇష్టం."

అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. మేమిద్దరం అడగలేదు. నీ ఇష్టమంటే నీ ఇష్టమని అనుకుంటూ ఉండగానే ముసలామె లేచిందని ఆ కొత్తమ్మాయి వచ్చి పిలిచింది. గిన్నెలు తీసుకుని లేచాను. ఆయన దిమ్మె మీదే ఉండిపోయాడు. అలా ఎవరూ తేల్చకుండానే మా సంగతి తేలిపోయింది.

పోయే రోజు పికప్ వెనక గేటు దాకా వచ్చింది. మేడం నన్ను బయటికి పోనిచ్చింది, పాపం ఆమె కూడా మంచిదే. ఆయన కొత్త చొక్కా వేసుకున్నాడు. పిల్లలకని చిన్న బాబా ఇచ్చిన ఖర్జూరం డబ్బాలు బండెక్కి ఒళ్ళో పెట్టుకున్నాడు. వాటి మీద సూర్యుడి బొమ్మ అచ్చు వేసి ఉంది, సూర్యుడితో పండించిన పండ్లని రాసి ఉందట. బండి కదిలేదాకా నా ముఖంలోకే చూశాడు. ఏదో చెప్తానేమోనని చూస్తున్నాడని అప్పుడు నాకు తట్టలేదు. వెళ్ళొస్తానన్నట్టు తలూపాడు, నేనూ తలూపాను.

అదైన తర్వాత రెండు కోతలు అయ్యాయి. ఊళ్ళో గది లేచింది, మెట్లు లేచాయి. మనవరాలు కాలేజీకి పోతోంది. ఇంటి మీద ఆయన కూడా రెండు పలకలు పెట్టించాడు. ఎండాకాలం కరెంటు పోయినా ఫ్యాను తిరుగుతుందట. చెవి మిషను కొనిచ్చాం గానీ, ఫోను దగ్గరికి తెస్తే అది కూ అని ఈలేస్తుందని తీసి పక్కన పెడతాడు. అందుకని వీడియో కాల్ చేస్తాడు. ఆయన మాట్లాడతాడు, నేను తలూపుతాను. తిన్నావా, పడుకున్నావా, మాత్ర వేసుకున్నావా, ఇవన్నీ చేత్తో అడుగుతాను. కోడలు పక్కనుంటే గట్టిగా చెప్పి వినిపిస్తుంది. అలా నడిచిపోతోంది.

మొన్న మధ్యాహ్నం చేశాడు. కోడలు లేదు, ఇంట్లో ఒక్కడే. ముసలామె నా పక్కన మంచం మీద నిద్రపోతోంది. గుమ్మం దగ్గర నాకు సాయానికి పెట్టిన అమ్మాయి బట్టలు మడత పెడుతోంది. ఈ ఇంట్లో పనివాళ్ళం గొంతెత్తి మాట్లాడం. ఆయన చాలాసేపు వానల సంగతి చెప్పాడు, పక్కింటివాళ్ళ బర్రె ఈనిన సంగతి చెప్పాడు. ఉన్నట్టుండి ఆగి, ఫోనును కాదు, ఎటో చూస్తూ అన్నాడు.

"ఆ పొద్దు నువ్వు నాతో వస్తానంటావనుకుంటి మే. బండెక్కినాక కూడా అనుకుంటి."

ఫోను దగ్గరికి తెచ్చుకుని, "నువ్వు రమ్మంటావనే కదయ్యా నేను చూసింది. ఒక్క మాటంటే వచ్చేదాన్ని" అన్నాను.

"ఆఁ? ఏందీ?" అని చెయ్యి చెవి వెనక పెట్టుకుని ముఖం తెర మీదికి తెచ్చాడు.

మళ్ళీ చెప్పాను. ఆ చిన్న తెరలో నా నోరు చూసినా పోల్చుకోలేకపోయాడు.

"గట్టిగా చెప్పు మే. వినపళ్ళే."

ముసలామె కదిలింది. ఆ అమ్మాయి బట్టలు వదిలేసి నా వైపు చూస్తోంది. అలాంటి మాట కేక వేసి చెప్పడం నాకు చేత కాలేదు. వేళ్ళు దగ్గరికి చేర్చి నోటి దగ్గర పెట్టి, తిన్నావా అని అడిగాను.

ఆయన ముఖం విప్పారింది. "ఓ, అదా! తింటి, తింటి. నువ్వు తింటివా?" అన్నాడు.

తిన్నానని తలూపాను.